ఢిల్లీకి అయితే సరే

జూన్ 2
నెల్లూరు నుంచి షమా అనే అమ్మాయి వచ్చింది. సర్వే అంట, చేతిలో ట్యాబ్. దేశానికి ఆడమనిషి ప్రధానమంత్రి అయితే మీకు సమ్మతమేనా అని ప్రశ్న. మా వరండాలో ఆరుగురు మగవాళ్లు. అందరూ ఓకే అన్నారు. మా జాలర్ల పాళెంలో తగువులు తీర్చే పెద్దకాపు చిన్నపోలయ్య మామ అయితే, ఇందిరమ్మ ఏలలేదా, ఆడది ఏలితే దేశానికేం రోగం అన్నాడు. మా ఆయన శివశంకర్ ఇంకో మెట్టు ఎక్కి, మా ఇంట్లోనే ఉండాది సర్పంచి, రాసుకోమ్మా అన్నాడు.

సర్పంచి అప్పుడు లోపల టీ కాస్తోంది. ఆ అమ్మాయి నన్ను కూడా అడగాలంది. ఆమెదీ అదే మాట అని ఆయనే చెప్పేశాడు. పోతూ పోతూ నాకు ఫోన్ నంబరు ఇచ్చింది.

జూన్ 3
సర్పంచి ఎన్నికల రిజర్వేషన్ల లిస్టు వచ్చింది. ఈసారి మా పంచాయతీ జనరల్. పోయినసారి మహిళా రిజర్వేషన్, అందుకని నేను. ఇప్పుడు ఆయన నిలబడతాడట. నన్ను అడగలేదు. నాతో చెప్పనైనా లేదు. బయట ఎవరితోనో అంటుంటే విన్నాను.

మీటింగులకు పోయింది ఆయన. కుర్చీలో కూర్చుంది ఆయన. కానీ తుఫాను నాడు ఆయన నాయుడుపేటలో ఉంటే, పాళెంలో నూట నలభై మందిని స్కూలు బిల్డింగుకి చేర్చింది నేను. ఆడవాళ్లకి బాత్రూములు వచ్చేదాకా కోటలో మండలాఫీసు చుట్టూ తిరిగింది నేను.

జూన్ 5
నేనే నిలబడతానని చెప్పేశాను. మొన్న ఆ ఆరుగురు చెప్పింది నమ్మాను. దేశానికే సరే అన్నవాళ్లకి పాళెం ఎంత అనుకున్నాను. ఎంత మొద్దుని!

ఆయన నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

జూన్ 8
నామినేషన్ వేశాను. మస్తానమ్మక్క ఎండుచేపల గంప మా ఇంట్లో దించేసి, అమ్మకం మానుకుని కోటకి తోడొచ్చింది. ప్రపోజర్ సంతకం ఆమెదే. ఆడోళ్ల ఓట్లన్నీ నీకేమ్మే అంది. ఆటోలో ఇద్దరం ఊరికే నవ్వుకున్నాం. ఇంతగా ఎప్పుడు సంతోషపడ్డానో గుర్తు లేదు.

జూన్ 10
సాయంత్రం ఇసుకలో పెద్దలు కూర్చున్నారు. అక్కడికి ఆడవాళ్లు రాకూడదు. పడవల వెనక నిలబడి విన్నాం. ఢిల్లీ వేరే, పాళెం వేరే అన్నాడు పెద్దకాపు. ఢిల్లీలో ఎవురు కూసుంటే మనకేంది, ఈడ ఆడది కూసుంటే సముద్రం మీద తగువొస్తే తీర్చేదెవురు అన్నాడు. మొగుడి మీదే పోటీకి దిగినదాన్ని ఏ దేశంలో ఒప్పుతారని ఇంకొకడు. ఇతనూ ఆ ఆరుగురిలో ఒకడే.

మా ఆయన మాత్రం ఏదో అన్యాయం జరిగినవాడిలా తల దించుకుని కూర్చున్నాడు. ఆ నటన చూస్తే ఒళ్లు మండిపోయింది.

జూన్ 11
పెద్దలు దురాయి చాటారు, పాళెం అంతా కట్టుబడాల్సిన ఆన అది. నేను పోటీ నుంచి తప్పుకునేదాకా మా అన్న కిషోర్ పడవ నీళ్లలో దిగకూడదు. దిగితే వలలు కోసేస్తారు. ఆ ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు. నాకు శిక్ష వేస్తే మొగుడికీ తగులుతుంది కదా, అందుకని అన్న మీద వేశారు.

జూన్ 13
మస్తానమ్మక్క తల తిప్పుకుని పోయింది. తప్పు పట్టను. ఆమె కొడుకులిద్దరూ సముద్రం మీద వేటకి పోయేవాళ్లే.

జూన్ 15
రెండు నెలల వేట నిషేధం అయిపోయింది. తెల్లారేసరికి పడవలన్నీ వెళ్లిపోయాయి. ఒడ్డున ఒక్కటే మిగిలింది. అన్న దాన్ని ఆనుకుని కూర్చున్నాడు. నేను పోతే తిట్టలేదు. నీ ఇష్టం వనజా అన్నాడు, అంతే. తిట్టి ఉంటే పట్టుదలగా నిలబడేదాన్నేమో. ఇంట్లో వదిన పిల్లలకి గంజి పోస్తోంది.

షమాకి ఫోన్ చేశాను. పోలీసులకి చెప్పక్కా అంది. పోలీసులు పడవని నీళ్లలోకి దించగలరు. నడిసముద్రంలో ఇంజన్ ఆగిపోతే తాడు విసిరేది పోలీసులు కాదు కదా.

జూన్ 17, ఉదయం 11
విత్‌డ్రా చేసుకున్నాను. కోటకి ఒక్కదాన్నే పోయాను. ఎవరైనా బెదిరించారా అమ్మా అని ఆఫీసరు అడిగాడు. లేదన్నాను.

జూన్ 18
ఆయన ఏకగ్రీవం. టపాకాయలు కాల్చారు. ఆయన తన దండ తీసి నా మెడలో వేసి ఫోటో తీయించుకున్నాడు. స్త్రీశక్తికి వందనం అని వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. పెద్దకాపు లైక్ కొట్టాడు. నాకు స్నానం చేయాలనిపించింది.

జూన్ 21
అన్నకి వలలో వంజరం చేప బాగా పడింది. ఒడ్డున పెద్దకాపు పక్కన కూర్చుని చెబుతున్నాడట. ఆడోళ్లకి నిలకడుండదు మామా, మా వనజనే చూడు, పది దినాలు నిలబడలేకపోయింది, ఇంక దేశాన్నేం ఏల్తారు అని.

సాయంత్రం మాకూ ఒక చేప పంపించాడు. పులుసు పెట్టాను. నేనూ తిన్నాను.