ఓబులమ్మ చెప్పని పిట్ట పేరు

ఆలూరు, 7 ఫిబ్రవరి 1953, తెల్లవారుజాము

మా ఇంటి ఓనరు ఓబులమ్మగారి బర్రె మీద రోజూ ఒక నల్లపిట్ట. కత్తెర తోక. చీకటి వదలకముందే పాట మొదలుపెడుతుంది, ఎంత బాగా పాడుతుందో! పేరేమిటని ఓబులమ్మనడిగితే తోకపిట్ట అంది. మా కడపలో పసులపోలిగాడు అంటాం. ఇంత వయసొచ్చి ఆ మాత్రం తెలియదా? నవ్వొచ్చింది.

9 ఫిబ్రవరి

‘పసుల’ సరే. పశువుల వీపులెక్కి తిరుగుతుంది, అవి మేస్తుంటే గడ్డిలోంచి లేచే మిడతల్ని పట్టుకుంటుంది. మరి ఈ పోలిగాడెవడు? పిట్టకు మనిషి పేరేమిటి? స్టాఫ్‌రూములో అడిగాను. హెడ్మాస్టరు సిలబస్ చూసుకోమన్నాడు. అంటే ఆయనకూ తెలియదు!

12 ఫిబ్రవరి, సాయంత్రం

పసులకాపరి తిమ్మయ్య చెప్పాడు. పూర్వం పోలిగాడని ఒక కాపరి ఉండెనంట, తప్పిపోయిన ఆవును ఎతుకుతా పోయి మళ్లీ రాలేదంట, పిట్టయి ఇప్పటికీ పసుల యెంబడే తిరుగుతాండాడంట. ఎదురింటి జానమ్మ ఒప్పుకోలేదు. అట్లేం కాదప్పా, కాకుల్ని గద్దల్ని తరుముతాది, కాపలా కాసేదానికి మనిషి పేరు పెట్టినారు, అంతే అంది. నాకు జానమ్మ మాటే నచ్చింది.

పాలు పిండుతున్న ఓబులమ్మ అంతా వింటూనే ఉంది. నువ్వూ ఒక్కసారి ఆ పేరు అను అవ్వా, అని బతిమాలాను. చెంబు అక్కడే విసిరేసి లోపలికి పోయింది. ఏం మనిషమ్మా!

13 ఫిబ్రవరి

జానమ్మ గోడ దగ్గరికి పిలిచి చీవాట్లు పెట్టింది. ఓబులమ్మ మొగుని పేరు పోలన్న. కరువుకు తట్టుకోలేక, పోయినేడు ఎండాకాలం ఊరి పసుల్ని నల్లమలకు తోలుకపోయినాడు, ఇంకా రాలేదు. పెండ్లాం నోట పేరొస్తే మొగుని ఆయుష్షు తగ్గుతాదని ఆ యమ్మకు శానా భయం. అందుకే పిట్టను గూడా పేరు పెట్టి పిలవదు, అంది.

ఛీ, నేనూ నా ప్రశ్నలూ.

21 ఫిబ్రవరి

ఇప్పుడు నేనూ తోకపిట్టనే అంటున్నాను. క్లాసులో కూడా.

4 మార్చి

పోలన్నతో పాటు నల్లమలకు వెళ్లిన బొజ్జన్న పసుల్ని తోలుకొని ఒక్కడే తిరిగొచ్చాడు. పోలన్న శ్రావణంలోనే అడవి జరం తగిలి పోయినాడట, అక్కడే పూడ్చిపెట్టారట. పసుల్ని ఇడిసిపెట్టి కబురు చెప్పేకి రాలేకపోతినవ్వా, అని బొజ్జన్న ఏడ్చాడు. ఓబులమ్మ ఏడవలేదు. వచ్చిన పసులకు తొట్టిలో నీళ్లు పోసింది.

అంటే ఇన్నాళ్లూ ఆమె కాపాడింది పోయిన మనిషి ఆయుష్షునా? నాకు ఏడుపు ఆగడం లేదు.

7 మార్చి, పొద్దున

బర్రె మీద పిట్ట వాలింది. ఓబులమ్మ నన్ను కేకేసింది.

దాన్ని పసులపోలిగాడంటారు పంతులమ్మా, అంది.

నేనిది రాస్తుంటే ఓబులమ్మ ఇంకా అంటూనే ఉంది. పోలిగాడు, పోలిగాడు, పోలిగాడు.