రెండో వేలు వెనక ఇల్లు

నికోసియా,
2003 మే 19.

అన్నయ్య లూకిస్‌కు,

చెల్లెలు రెవెక్కా నమస్కారాలు. ఇక్కడ నాన్నా, నేనూ, పిల్లలూ బాగున్నాం. లిమసోల్‌లో నువ్వూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నా గొంతు వినగానే ఫోను పెట్టేస్తున్నావు కాబట్టి, ఆ పెట్టేయడంలోని ఊపును బట్టి నీ ఆరోగ్యానికేం ఢోకా లేదని తేల్చుకున్నాను. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు. చింపాలనుకుంటే చదివాక చింపు.

నీ కోపానికి కారణం నాకు తెలియంది కాదు. ఈస్టర్ ముందు బుధవారం, దీవిని రెండు ముక్కలు చేసిన సరిహద్దులో గేట్లు తెరిచారు. పది రోజులకు నేను వెళ్లి క్యూలో నిలబడి, అవతలి పోలీసుకు పాస్‌పోర్టు చూపించి మన ఊరు చూసొచ్చాను. సొంతింటికి వెళ్లడానికి ఇంకొకడికి కాగితం చూపిస్తే ఆ ఇల్లు మనది కాదని ఒప్పుకున్నట్టేనని నువ్వన్నావు. అలా చూపించింది నాకు చెల్లెలే కాదని కూడా అన్నావు. నీ వాదన తప్పని నేననను. కానీ డెబ్భై నాలుగు యుద్ధంలో ఇల్లు వదిలిన నాటికి నీకు ఎనిమిదేళ్లు, నాకు రెండు. తలుచుకోవడానికి నీకు ఇల్లుంది. నాకున్నదల్లా బాల్కనీ.

ఆ బాల్కనీ సంగతే రాయాలని కూర్చున్నాను. డేరాల నుంచి కాందిశీకుల కాలనీలోకి మారిన రోజున నాన్న మనిద్దరినీ అక్కడ నిలబెట్టి చేతివేళ్లలా ఐదు శిఖరాలున్న ఐదువేళ్ల కొండ చూపించాడు. అదిగో రెండో వేలు, సరిగ్గా దాని వెనకే మనిల్లు, అన్నాడు. నాకు గుర్తున్న మొట్టమొదటి సంగతి అదే. బడిలో పటం మీద మన ఊరు లాపిథోస్‌ను చూపించమంటే సరైన చోటే వేలు పెట్టేదాన్ని. బాల్కనీలోకి వచ్చానంటే మాత్రం మన ఊరు రెండో వేలు వెనకే ఉండేది. ఈ రెండూ ఒకే ఊరేనా అని ఒక్కనాడూ అనుమానం రాలేదు. నువ్వు మాత్రం ఏం తక్కువ, నీ టైర్ల కొట్లో క్యాలెండర్ పక్కన ఆ కొండ ఫోటోయే కదా తగిలించుకున్నావు. కాగితాలు అడగని రోజు వస్తే ఆ వేలు వెనక్కి నడిచే వెళ్తానని ఒట్టు కూడా పెట్టుకున్నావు.

గేటు దాటి టాక్సీ మాట్లాడుకున్నాను. కనుమ పైకి ఎక్కామో లేదో, ఎదురుగా సముద్రం. కొండకు అవతల సముద్రం ఉంటుందని చిన్నపిల్లలకైనా తెలుసు. కానీ అన్నయ్యా, అంత దగ్గరగా, అంత నీలంగా, అడుగు వేస్తే పడిపోయేటట్టు ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఇన్నేళ్లూ నాకా కొండ లోకానికి చివరి గోడ. ఆ గోడకు అవతల ఇంకో ముఖం ఉంది, దాని మీద ఎండ పడుతోంది, మేకలు మేస్తున్నాయి. కారు ఆపించి దిగి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో ఆ టాక్సీవాడినే అడగాలి.

కిందికి దిగాక అతను బండిని ఎడమకు తిప్పాడు. కుడికి పోనివ్వమన్నాను. లాపిథోస్ ఎడమకే అన్నాడు. మా ఇల్లెక్కడుందో నాకు తెలీదా, రెండో వేలు వెనక, అన్నాను. అతను బండి ఆపి వచ్చీరాని గ్రీకులో, అమ్మా, కుడికెళ్తే వేళ్లన్నీ వస్తాయి గానీ మీ ఊరు రాదు, అక్కడి నుంచి మీ ఊరికి గంట దారి, నీ ఇష్టం, అన్నాడు. ఎడమకే పోనివ్వమన్నాను. ముప్పై ఏళ్లు వేరే కొండకు మొక్కామన్నమాట.

మన ఇంటి తలుపు తీసిన అమ్మాయి పేరు పెంబె, నా ఈడుదే. ఈ ఇంటివాళ్లు మీరేనా, ఇన్నాళ్లు పట్టిందేం, మూడుసార్లు మీకోసమని కొన్న కాఫీపొడి మేమే తాగేశాం, అంది. వాళ్ల నాన్న నెవ్జాత్‌ది మన వైపున్న పాఫోస్ దగ్గరి పల్లె. డెబ్భై అయిదులో మనం ఇటు వచ్చినట్టే వాళ్లు ఇల్లూ తోటా వదిలేసి అటు వెళ్లారు. ఆయన గ్రీకులో పాఫోస్ యాస మీ మామగారి యాసకన్నా చిక్కన. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, వెనకాల కొండను చూపించి నవ్వాడు. బిడ్డా, నేను కూడా నా పిల్లలకు మా ఊరు ఆ శిఖరం వెనకే అని చెప్పుకొచ్చాను, మొన్న ఇది వెళ్లి చూసొచ్చి నన్ను చెడామడా తిట్టింది, అన్నాడు. పెంబె ఊరుకుంటుందా. శిఖరం వెనకట శిఖరం వెనక, పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగాను, నడుం విరిగింది, అంది.

ఒకే కొండల వరుసకు ఇటొక ఇల్లు, అటొక ఇల్లు. రెండిళ్లలోనూ ఒకే అబద్ధం. మనం ఇటు నుంచి చూస్తూ ఉంటే, పెంబె మన అరుగు మీద కూర్చుని మన వైపే చూస్తూ పెరిగింది. మా నాన్నేమో పొరపాటు పడ్డాడన్నాను. నెవ్జాత్ కప్పు కింద పెట్టి, మీ నాన్న నిమ్మకాయల లారీ తోలేవాడన్నావుగా, దారి తెలీక చెప్పుంటాడా, వెళ్లి అడుగు, అన్నాడు.

ఇంకొకటి. వంటింటి కిటికీ కింద కాలువ ఉండేదనీ, దాని చప్పుడు వినకుండా నీకు నిద్ర పట్టేది కాదనీ అనేవాడివి. వదినేమో అదంతా నీ కల్పన అనేది. కాలువ ఉంది. నీళ్లు పారుతున్నాయి. చెయ్యి పెట్టి చూశాను, జిల్లుమంది.

వచ్చే నెల పదో తారీఖున నాన్నకు గుండె ఆపరేషన్. ఈలోగా ఒక్కసారి ఊరు చూసొద్దాం రమ్మంటే, లూకిస్ వస్తే వస్తాను, లేకపోతే లేదు, అని గోడవైపు తిరిగిపోతున్నాడు. ఆ తర్వాత మనకు మళ్లీ అవకాశం వస్తుందో రాదో. కొండ గురించి ఆయన్ను ఇంకా అడగలేదు. ఈ వయసులో తప్పు చెప్పావని అనడానికి నోరు రాలేదు. నా మీద కోపం నీ ఇష్టం వచ్చినన్నాళ్లు ఉంచుకో, ఆయన కోసం రా.

నువ్వు కాదన్నా నీ చెల్లెలే,
రెవెక్కా.

తా.క. కవరు అంటించే ముందు మనసు ఆగక నాన్నకు అంతా చదివి వినిపించాను. అరుగు మాటకూ కాలువ మాటకూ కళ్లు మూసుకున్నాడు. కొండ దగ్గరికి వచ్చేసరికి నవ్వాడు. ఇరవై ఏళ్లు ఆ కొండ మీదుగా లారీ తోలినవాణ్ణి, నా ఇల్లెక్కడుందో నాకు తెలీదటే, అన్నాడు. మన ఊరి కొండ పడమటి వైపు ఉందట, ఆ బాల్కనీకి అటువైపంతా పక్క బ్లాకు అడ్డం. కాలనీలోకి వచ్చిన ఆ రోజు నువ్వు ఇల్లు చూపిస్తే గానీ అన్నం ముట్టనని కూర్చున్నావట, రెండు రోజులుగా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదట. కనపడని కొండను ఎలా చూపించను, కనపడేదాన్నే చూపించాను, వాడు తిన్నాడు, అన్నాడు. తర్వాత సొరుగులోంచి కొత్త పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడు చేయించుకున్నాడో నాకు తెలియదు. ఆయన మాటలు ఆయన చెప్పినట్టే రాయమన్నాడు: లూకిస్‌తో చెప్పు, ఆదివారం పొద్దున్నే కారు తెమ్మను, గేటు దగ్గర కాగితం చూపించే సిగ్గేదో నేను పడతాను, వాడు స్టీరింగు పట్టుకుంటే చాలు, ఎడమకు తిరగాల్సిన చోట ఈసారి సరిగ్గా చూపిస్తాను.