కనెక్టర్‌లో చీమలు

మంగళవారం

గెలిచాను! మూడు రోజులుగా బెల్లం కొట్టులో రెండు నెట్‌వర్క్ స్విచ్‌ల మధ్య వేగం వంద మెగాబిట్లు దాటలేదు. ఈ సాయంత్రం వెయ్యి చూపించింది. స్విచ్ మార్చాల్సిందేనని అందరూ అన్నా నేను ఒప్పుకోలేదు. కేబుల్ కనెక్టర్ పీకి చూస్తే, ఎనిమిది పిన్నుల్లో చివరి రెండింటి మీద బెల్లం జిగురు, దానికి చీమలు! కోసేసి కొత్తది బిగించాను.

"సీమలక్కూడా నెట్టు కావాలేటి బావా!" అని గుమస్తా అప్పలరాజు ఒకటే నవ్వు.

నేనూ నవ్వాను. కానీ ఆ పాత కనెక్టర్ బిగించింది నేనే. ఆ రోజు అప్పలరాజు రుచి చూడమని పెట్టిన బెల్లం తింటూ, అదే చేత్తో. చెప్పేయాలా...

"ఇంద బావా, కొత్త బెల్లం" అంటూ మళ్లీ ముక్క అందించాడు.

చెయ్యి చాపలేదు. నోట్లోనే పెట్టమని నోరు తెరిచాను.