తొమ్మిది చుక్కల ఎత్తు

1996 మార్చి 1, శుక్రవారం, సోఫియా, బల్గేరియా

ఈ రోజు పూర్తయిన అక్షరాలు: రెండు.

పత్రికలో ఇక ప్రూఫులు కాగితం మీద దిద్దరు. అంతా మానిటర్ మీదే. ప్రూఫ్‌రీడర్ స్నెజాన ఒక్కో వార్తను మూడుసార్లు చదవాల్సి వస్తోంది. సాయంత్రానికి కళ్లు ఎర్రబడుతున్నాయి. నెలాఖరుకి వేగం అందుకోకపోతే ఇంటికి పంపేస్తానన్నాడు ఎడిటర్ గెంచెవ్. తప్పు ఆమె కళ్లది కాదు. కాగితం కోసం పుట్టిన అక్షరాలను కుదించి తెర మీద పెట్టారు. నేను వేరేవి గీస్తానని నోరు జారాను. ఇదే పత్రికలో అచ్చు కోసం సీసం అక్షరాలు కూర్చినవాణ్ని. ఫాంట్ చేయడం నాకెవరూ నేర్పలేదు.

మార్చి ఒకటో తేదీ ఆనవాయితీ ప్రకారం స్నెజాన నా మణికట్టుకి ఎరుపు తెలుపు దారం కట్టింది. అన్నా, చెట్టు పూసేదాకా దీన్ని విప్పకు, ఈలోపు నా కుర్చీ కూడా ఊడకుండా చూడు, అంది.

మార్చి 5

నాలుగు.

సీసం రోజుల్లో నేను తలకిందులుగా పెట్టిన అక్షరాలను ఆమె ఎప్పుడూ ఫోర్‌మన్‌కి చెప్పలేదు. పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి, ప్రూఫు నా బల్ల మీద పడేసి పోయేది. అలా పదకొండేళ్లు. నేను ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు.

మార్చి 13, ఉదయం 11

అన్నీ అయిపోయాయి. ప్రింట్ తీసి గోడకి అంటించాను. గెంచెవ్ కళ్లద్దాలు పైకెత్తి చూసి, బాగున్నాయయ్యా, అచ్చు పాత పుస్తకంలా ఉన్నాయి, అన్నాడు. గ్లాసులో రకియా, మా పళ్ల సారా, పోశాడు. తాగాను.

మార్చి 14

తెర మీద అవే అక్షరాలు బురద.

మార్చి 14, మళ్లీ

స్నెజాన తన మానిటర్ ముందు పావుగంట కూర్చుని లేచింది. కాగితం మీద ముద్దుగానే ఉన్నాయిలే, నేను చదివేది కాగితమా, అని అడిగింది. ఇన్నేళ్లు సిరా వాసన పీల్చి నువ్వు కళ్లతో చూడ్డం మానేశావు, ముక్కుతో చూస్తున్నావు, అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె అన్నది నిజం. ప్రింటర్‌కి వేసుకోవడానికి బోలెడు చుక్కలున్నాయి. ఆమె తెర మీద ఒక అక్షరం ఎత్తు తొమ్మిది చుక్కలు. నేను గీసిన సన్నటి ఒంపులకి అక్కడ చోటే లేదు.

మార్చి 15

గళ్ల నోట్‌బుక్ కొన్నాను. ముందు చుక్కలు నింపాలి. అవి తెర మీద కుదిరాకే చుట్టూ గీత గీయాలి. ఇన్నాళ్లూ తిరగేసి చేశాను.

మార్చి 20

మా లిపిలో రెండు అక్షరాలు కవలల్లాంటివి. రెండిటికీ రెండేసి నిలువు కాళ్లు. ఒకదాని మధ్యలో అడ్డుగీత, ఇంకోదాని మధ్యలో ఏటవాలు గీత. తొమ్మిది చుక్కల్లో ఏటవాలు గీత మెట్లు మెట్లుగా విరిగి అడ్డుగీతలా కనిపిస్తోంది. నాలుగు రోజులు వీటికే పోయాయి. స్నెజాన తన సొంత కుర్చీలో, తన సొంత మానిటర్ ముందు కూర్చుని ప్రతిదీ చదువుతోంది. ఇది ఇరుకులో నిలబడింది, కాస్త ఊపిరాడనీ, అంది. వెడల్పు ఒక చుక్క పెంచాను. అప్పుడు మెట్లు మూల నుంచి మూలకి సాగాయి.

విడిపోయాయి.

మార్చి 25

అక్షరాల మధ్య ఖాళీ ఇంకో చుక్క పెంచాను. అందం తగ్గింది. ఆమె రెండోసారి వెనక్కి వెళ్లకుండా పేజీ చదివేసింది.

మార్చి 28, సాయంత్రం 4

గెంచెవ్ చేతిలో వాచీ. కావాలని పద్నాలుగు తప్పులు పెట్టిన పేజీ ఇచ్చాడు. నేను కారిడార్‌లో నిలబడ్డాను. ఆమె గడువులోపే పదిహేను పట్టింది. పదిహేనోది గెంచెవ్ తనకి తెలియకుండా చేసిందట. ఆయన వాచీ జేబులో పెట్టుకుని, సరే తల్లీ, నీ కుర్చీ నువ్వే ఏలుకో, అన్నాడు.

ఆమె వెళ్లాక ఆమె మానిటర్ మీద ఒక ఫైల్ తెరిచి, పదకొండేళ్ల చుక్కలకి థాంక్స్ అని టైప్ చేసి వచ్చేశాను.

మార్చి 29

అక్షరాలు: సున్నా.

ప్రెస్ వెనక ప్లమ్ చెట్టు పూసింది. దారం కొమ్మకి కట్టాను.

నేను టైప్ చేసిన వాక్యంలో ఒక తప్పుందట. దాని పక్కన, మానిటర్ గాజు మీద, పెన్సిల్ చుక్క.