తుమ్ము లాంటిదే

సోమవారం, రాత్రి అన్నాలయ్యాక

నేను చెబుతుంటే మనవరాలు రమణి రాస్తోంది. నాకు అక్షరం రాదు. అయినా ఈరోజు బడిలో గెలిచింది నేనే!

రమణికి టూరెట్ అని ఒక నరాల ఇబ్బంది ఉంది. ఉన్నట్టుండి భుజం ఎగురుతుంది, గొంతులోంచి కూత వస్తుంది. కావాలనే చేస్తోందని సారు వరండాలో కూర్చోబెడుతున్నాడు. గిద్దలూరు డాక్టరమ్మ ఇచ్చిన బొమ్మల పుస్తకం తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను.

"నాకు చదువు రాదు నాయనా, నీకొచ్చు గదా. పిల్లలందరికీ ఇనపడేట్లు చదువు."

చదివాడు. ఆ పుస్తకంలో పిల్లకూ ఇదే బాధ. వెనక బెంచీలో ఒక పిల్ల లేచింది.

"అయితే తుమ్ము లాంటిదా సార్? ఆపుకుంటే ఇంకా గట్టిగా వస్తాది, అట్లనా?"

సారు పుస్తకం మూసి, వరండా వైపు చూసి, "రమణీ, లోపలికి రామ్మా" అన్నాడు. నా గుండె ఎగిరి గంతేసింది!

పుస్తకంలో పిల్ల చేతిలో పిసుక్కునే మెత్తటి బంతి ఉంది. సాయంత్రం మా గొర్రెల ఉన్నితో అలాంటిదే చుట్టిచ్చాను. అది ఎడమ చేత పిసుకుతూనే ఇది రాస్తోంది.

వచ్చే ఏడు పెద్ద బడికి పోతే అక్కడి సార్లు ఏమంటారో... అననీ. పుస్తకముంది, నేనున్నాను.

ఇప్పుడే దాని భుజం ఎగిరి పేజీకి అడ్డంగా గీత పడింది. చెరపబోయింది.

"ఉండనీ మే," అన్నాను. "అది గూడా నువ్వు రాసిందే."