కెప్టెన్ గారి పెరటి గది

ఎడిసన్, అక్టోబర్ 2011
ఆదివారం రాత్రి

కాస్త బయటి గాలి తగిలితే మనసు కుదుటపడుతుందేమోనని ఈ రోజు స్రవంతిని, దాని రెండేళ్ల కొడుకుని తీసుకుని మ్యూజియంగా మార్చిన ఒకప్పటి సైనిక కెప్టెన్ ఇల్లు చూడటానికి వెళ్లాను. ఆఫ్ఘనిస్తాన్ నుంచి తిరిగొచ్చాక నా కూతురు గడప దాటడం ఇదే మొదటిసారి. తనూ ఆర్మీ ఆఫీసరే కాబట్టి ఇష్టంగా చూస్తుందనుకున్నాను.

రెండు వందల ఏళ్ల కిందటి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగిసి ఇంటికొచ్చాక ఆ కెప్టెన్ భార్యాపిల్లలకు దూరంగా పెరట్లో గది కట్టించుకుని, చనిపోయేదాకా ఒంటరిగా అందులోనే పడుకున్నాడట. భార్య భోజనం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేదట. చాలా విచిత్రమైన మనిషని గైడ్ నవ్వితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

స్రవంతి నవ్వలేదు. కార్‌లో కూర్చున్నాక అంది:

"ఆయన వియర్డ్ కాదమ్మా. యుద్ధం కలలొచ్చి నిద్రలో పిల్లల్ని ఏమైనా చేసేస్తానేమో అని ఆయన భయం."

"నీకెలా తెలుసే?"

"నాకు కూడా అదే భయం. అందుకే బాబుని పక్కలో వేసుకోవట్లేదు, ఎత్తుకోవట్లేదు."

కన్నబిడ్డ మీద దీనికి మమకారం చచ్చిపోయిందని ఇన్నాళ్లూ కుమిలిపోయాను. ఇప్పుడు తెలిసిన ఈ సంగతిని ఎలా మోయాలో...

"డాక్టర్‌తో మాట్లాడదామా?" అన్నాను.

"ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నానమ్మా. ఆ భయం పోవట్లేదు."

ఇందాక బాబు దాని గది తలుపు కొడుతూ "అమ్మా, అమ్మా" అని ఏడ్చాడు. లోపల అదీ ఏడుస్తోంది. తలుపు తీయమనడానికి నాకు నోరు రాలేదు. వాణ్ణి ఎత్తుకుని వచ్చేశాను.