నడిమధ్య పేర్చిన మిర్చి బస్తాలు

లెక్చరర్ గారూ,

నా మేనకోడలు క్రిస్టీనాకు మీరు సున్నా వేసింది లెక్క తప్పినందుకు కాదు, మీ తప్పు బయటపడుతుందని.

పరీక్షలో మన నల్లపాడు కోల్డ్ స్టోరేజీ గోదాము దూలం మీద ఒత్తిడి లెక్క కట్టమన్నారు. పుస్తకంలోని లెక్క బస్తాల బరువును దూలమంతా సమానంగా పరుస్తుంది. మన హమాలీలు మాత్రం చల్లగాలి తిరగాలని గోడల పక్క ఖాళీ వదిలి, మిర్చి బస్తాలన్నీ నడిమధ్యే పేరుస్తారు. పిల్ల అలాగే లెక్క కట్టి, దూలం ఆగదని రాసింది. "పుస్తకంలో ఉన్నట్టు రాయమ్మా, గోదాము కబుర్లెందుకు?" అన్నారట. ఆ గోదాము భద్రత సర్టిఫికెట్ మీద ఇంజనీరుగా సంతకం మీదే కదండీ! ఆ దూలం కిందే దాని తల్లి, మా చెల్లెలు హెలెన్, బస్తాలు కుడుతుంది. నిన్న నెత్తిన పెచ్చు రాలితే "దుమ్ములే అన్నయ్యా" అంది.

నేను అడిగేవి ఇవి:

రేపు పొద్దున్నే వచ్చి దూలం చూడండి.
పైన బస్తాలు దించేదాకా కింద పని ఆపించండి.
సర్టిఫికెట్ వెనక్కి తీసుకోండి.
మార్కులు ఆ తర్వాత వేద్దురుగాని.

క్రిస్టీనా మేనమామ